అడవిది నెపం, కెమెరాది నేరం

1972 నుంచి 1988 దాకా ఇటలీ సినిమా పరిశ్రమ ఒక వింత సరుకు తయారుచేసి ప్రపంచ మార్కెట్‌లోకి వదిలింది. నలుగురైదుగురు తెల్లవాళ్లు అడవిలోకి వెళ్తారు. తప్పిపోయిన మనిషి కోసమో, పరిశోధన పేరుతోనో, కొకైన్ కోసమో ఆ ప్రయాణం. అక్కడ నరమాంసం తినే తెగ చేతికి చిక్కుతారు. ఆ తరవాత తెర మీద నరకడం, కోయడం, కాల్చడం. కథ ఇంతే. చౌకబారు రక్తపాతమని వీటిని తోసిపుచ్చడం సులువు. అయితే వీటిలో పేరున్నవాటిని గమనిస్తే అడవి కంటే కెమెరా గురించే ఎక్కువ మాట్లాడతాయి. హింసను చూపించి సొమ్ము చేసుకునేవాళ్లను తిడుతూ, ఆ తిట్టునే టికెట్టు పెట్టి అమ్ముకున్న సినిమాలివి.

దీనికి బీజం 1962లో పడింది. గ్వాల్తియెరో యాకొపెత్తి, పావొలో కవారా, ఫ్రాంకో ప్రొస్పెరి కలిసి తీసిన ‘మోండో కానే’ డాక్యుమెంటరీ పేరుతో నలుమూలల వింత ఆచారాలను, జంతువధలను, చావులను ఒకచోట గుదిగుచ్చింది. అందులో కొన్ని జరిగినవి, కొన్ని జరిపించినవి. ఏది ఏదో చూసేవాడికి తెలియదు. రిజ్ ఓర్తొలాని, నీనో ఒలివియెరో దానికి కట్టిన తీయని బాణీ ‘మోర్’ పాటగా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. 1966లో యాకొపెత్తి, ప్రొస్పెరి ‘ఆఫ్రికా అద్దియో’ తీశారు. కాంగోలో మనుషులను కాల్చి చంపే దృశ్యాలను కెమెరాకు అనువుగా జరిపించారన్న ఆరోపణతో యాకొపెత్తి మీద విచారణ నడిచింది. చివరికి ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. తెర మీది చావు నిజమా, నటనా అన్న అనుమానమే జనాన్ని థియేటర్‌కు రప్పిస్తుందని ఇటలీ నిర్మాతలు అప్పుడే గ్రహించారు.

రెండో మూలం హాలీవుడ్‌ది. 1970లో వచ్చిన ‘ఎ మాన్ కాల్డ్ హార్స్’లో రిచర్డ్ హారిస్ పోషించిన ఇంగ్లీషు దొర అమెరికా ఆదివాసులకు బందీ అయి, చిత్రహింసలు భరించి, వాళ్లలో ఒకడవుతాడు. ఉంబెర్తో లెంజి ఆ కథను థాయ్‌లాండ్ అడవుల్లోకి మార్చి, 1972లో ‘మాన్ ఫ్రమ్ డీప్ రివర్’ తీశాడు. ఇవాన్ రాసిమోవ్, మీ మీ లై నటించిన ఈ సినిమాలో నరమాంస భక్షణ కాసేపే కనిపిస్తుంది. మిగతాదంతా ప్రేమకథ, సాహసగాథ. కానీ తరవాత తీసినవాళ్లు పట్టుకున్నది ఆ కాసేపటినే.

పట్టుకోవడానికి కారణం ఇటలీ సినిమా వ్యాపారం నడిచిన తీరులో ఉంది. ఒక సినిమా హిట్టయితే అదే బాటలో డజన్లకొద్దీ తీసి, జనానికి మొహం మొత్తేదాకా అమ్మడం అక్కడి పద్ధతి. కండలవీరుల పురాణ చిత్రాలు, కౌబాయ్ సినిమాలు, హత్యాకథలు, పోలీసు కథలు ఒకదాని వెనక ఒకటి అలాగే వచ్చి వెళ్లాయి. 1976లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రైవేటు టీవీ ప్రసారాలకు దారి తెరిచింది. ఇంట్లో కూర్చుంటే రోజూ బోలెడన్ని సినిమాలు ఉచితంగా దొరికాయి. 1975 నుంచి 1980లోగా సినిమా హాళ్ల టికెట్ల అమ్మకం సగానికి పైగా పడిపోయింది. టీవీ చూపించలేనిది చూపించడం ఒక్కటే చిన్న నిర్మాతకు మిగిలిన దారి. పైగా ఈ సరుకుకు భాష అడ్డు రాదు. ఇంగ్లీషు పేర్లు తగిలించి, సంభాషణలు డబ్బింగ్ చేసి, ఏ దేశానికి ఆ దేశం కొత్త పేరు పెట్టుకుని అమ్ముకోవచ్చు. అడవికి సెట్టింగు ఖర్చు లేదు. స్థానికులు చవగ్గా దొరుకుతారు.

1977లో రుగ్గేరో దియోదాతో మలేసియాలో ‘లాస్ట్ కానిబాల్ వరల్డ్’ తీశాడు. మరుసటి ఏడు సెర్జియో మార్తినో పెద్ద తారలను దింపాడు. ‘మౌంటెన్ ఆఫ్ ది కానిబాల్ గాడ్’లో తొలి జేమ్స్ బాండ్ చిత్రపు నాయిక ఉర్సులా ఆండ్రెస్, స్టేసీ కీచ్ నటించారు. కథ జరిగేది న్యూగినీలో, షూటింగ్ చాలావరకు శ్రీలంకలో. ఏ అడవైతేనేం, ఏ తెగైతేనేం అన్న లెక్క ఈ సినిమాలన్నిటికీ మామూలే.

వీటన్నిటికీ శిఖరం 1980లో వచ్చిన దియోదాతో ‘కానిబాల్ హోలోకాస్ట్’. ఇటలీ నవ్య వాస్తవికవాద పితామహుల్లో ఒకడైన రోసెల్లినీ దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి దియోదాతో. నిజమైన చోట, పేరులేని ముఖాలతో, చేతిలో కెమెరాతో తీయడం ఆయనకు అక్కడ అబ్బిన విద్యే. రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్రవాద ముఠా చేసిన హత్యలను ఇటలీ టీవీ, పత్రికలు చూపించిన తీరు మీద కోపంతో ఈ కథ పుట్టిందని తరవాత చెప్పుకున్నాడు. అమెజాన్ అడవిలో డాక్యుమెంటరీ తీయబోయిన నలుగురు అమెరికన్లు మాయమవుతారు. వాళ్ల కోసం వెళ్లిన ప్రొఫెసర్ మన్రో ఆదివాసులకు టేప్‌రికార్డరు ఇచ్చి, బదులుగా ఫిల్ము డబ్బాలు తెస్తాడు. న్యూయార్క్ టీవీ సంస్థ ప్రొజెక్షన్ గదిలో ఆ రీళ్లు వేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. తెగల మధ్య మారణకాండ చిత్రీకరించాలని ఆ బృందమే మనుషులను గుడిసెలోకి తోలి నిప్పు పెట్టింది. ఒక ఆదివాసి అమ్మాయిని చెరిచింది. చివరికి ఆ బృందాన్ని ఆదివాసులు చంపుతుండగా కూడా కెమెరా తిరుగుతూనే ఉంది.

ప్రొఫెసర్ కథను 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద, దొరికిన రీళ్ల భాగాన్ని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశారు. రీళ్ల మీద గీతలు, ఊగిపోయే ఫ్రేములు, మధ్యలో ఆగిపోయే శబ్దం అన్నీ కావాలని పెట్టినవే. ఘోరమైన దృశ్యాల వెనక ‘మోండో కానే’ ఓర్తొలానియే కట్టిన మెత్తని సంగీతం వినిపిస్తుంది. అంతకంటే విడ్డూరం ఇంకోటి ఉంది. ఆ బృందం ఇదివరకు తీసిన డాక్యుమెంటరీ అంటూ సినిమాలో కొన్ని మరణశిక్షల దృశ్యాలు వేస్తారు. అవి నైజీరియా, ఆగ్నేయాసియాల్లో నిజంగా జరిగిన చావుల వార్తాచిత్రాలు. కథలో మాత్రం అవన్నీ డబ్బిచ్చి ఆడించిన నాటకమని ఒక పాత్ర చెబుతుంది. నిజమైన చావును నటన అని, నటించిన చావును నిజమని చూపించిన సినిమా ఇది. మీడియాను తిట్టే హక్కు అక్కడే పోగొట్టుకుంది.

1980 ఫిబ్రవరిలో మిలాన్‌లో విడుదలైన పది రోజులకే అధికారులు ప్రింటు స్వాధీనం చేసుకున్నారు. అశ్లీలత కేసుతో మొదలై, నటులను నిజంగానే చంపారన్న అనుమానం దాకా పోయింది. సినిమా నిజమని నమ్మించడానికి ఏడాదిపాటు ఎక్కడా కనిపించకూడదని నటులతో ముందే ఒప్పందం రాయించుకున్నారు. ఆ తెలివే మెడకు చుట్టుకుంది. బతికే ఉన్నామని నటులే ముందుకొచ్చి రుజువు చేయాల్సి వచ్చింది. కొరత వేసిన అమ్మాయి దృశ్యం ఎలా తీశారో కూడా దియోదాతో వివరించాడు. ఇనుప కడ్డీకి సైకిల్ సీటు బిగించి అమ్మాయిని దాని మీద కూర్చోబెట్టారు. తేలికైన బాల్సా కర్ర ముక్క నోట్లో పెట్టుకుని ఆమె తల పైకెత్తింది. పైన రంగునెత్తురు పోశారు. హత్యానుమానం అంతటితో వీగిపోయింది.

వీగిపోనిది జంతువుల సంగతి. కెమెరా ముందు నీటి తాబేలును నిలువునా కోశారు. ముంగిసను పోలిన కోవాటిని, పందిపిల్లను, పామును, సాలీడును చంపారు. ఒక షాట్ రెండుసార్లు తీయాల్సి రావడంతో ఒకటికి రెండు కోతులు చచ్చాయి. కోర్టు సినిమాను నిషేధించింది ఈ వధల వల్లే. దియోదాతో, నిర్మాతలు, రచయితకు నాలుగు నెలల సస్పెండెడ్ శిక్ష కూడా పడింది. 1984లో సినిమా మీద నిషేధం తొలిగింది. చంపిన జంతువులను స్థానికులు వండుకు తిన్నారని దియోదాతో మొదట్లో సమర్థించుకునేవాడు. చివరి రోజుల్లో అది తప్పేనని ఒప్పుకున్నాడు. ఇప్పుడు మన దేశంలో సినిమాకు జంతువును వాడాలంటే 2001 నాటి నిబంధనల కింద జంతు సంక్షేమ మండలికి ముందే చెప్పి తీరాలి. తెలుగు సినిమా మొదట్లో కనిపించే హామీపత్రం ఆ నిబంధనల ఫలితమే.

ఏ కోర్టూ విచారించని నేరం ఆదివాసుల మీద జరిగింది. సినిమాలో నరమాంస భక్షకులకు పెట్టిన పేరు యానొమామో. అది బ్రెజిల్, వెనెజువెలా సరిహద్దుల్లో బతికే యానొమామీ అనే నిజమైన తెగ పేరు. షూటింగ్ జరిగింది కొలంబియాలోని లెటీసియా దగ్గర. యానొమామీల నేల అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. వాళ్లు దహనం చేసిన బంధువుల ఎముకల బూడిదను అరటి గంజిలో కలిపి తాగుతారు. అది పోయినవాళ్లను తమలో కలుపుకునే అంత్యక్రియ. మనుషులను వేటాడి తినడానికీ దానికీ పొంతనే లేదు. ఆ దశాబ్దంలో యానొమామీల మీద పడింది బంగారం తవ్వుకునే బయటివాళ్లు. వేలమంది చొరబడి మలేరియా తెచ్చారు, పాదరసంతో నదులను చెడగొట్టారు. 1993లో హషిమూలో 16 మందిని చంపారు. తెర మీద తినేవాళ్లుగా కనిపించినవాళ్లు తమ నేల మీద చచ్చిపోతున్నవాళ్లు. వాళ్ల వేషం కట్టిన లెటీసియా పరిసరాల మనుషులకు తెర మీద పేరు కూడా దాదాపు దక్కలేదు.

శిఖరం దాటాక దిగుడే. 1980లో లెంజి ‘ఈటెన్ అలైవ్’లో గయానాలోని జోన్స్‌టౌన్‌లో జరిగిన ఒక మత బృందపు సామూహిక మరణాలను కథలోకి లాగాడు. ఖర్చు తగ్గించడానికి పాత నరభక్షక చిత్రాల ముక్కలను మధ్యమధ్యలో అతికించాడు. 1981లో ఆయనే తీసిన ‘కానిబాల్ ఫెరాక్స్’ 31 దేశాల్లో నిషేధం అన్న ప్రకటనతోనే అమ్ముడైంది. నరమాంస భక్షణ కట్టుకథని నిరూపించడానికి వెళ్లిన పరిశోధక విద్యార్థిని అందులో నాయిక. సరిగ్గా ఆ వాదనతోనే మానవశాస్త్రవేత్త విలియం అరెన్స్ 1979లో పుస్తకం రాశాడు. అది విద్యాలోకంలో పెద్ద చర్చకు దారితీసింది. లెంజి మాత్రం ఆ అమ్మాయికి గుణపాఠం చెప్పి పంపాడు. అందులో ప్రతినాయకుడిగా వేసిన జొవాన్ని లొంబార్దో రాదిచే ఈ సినిమాలో నటించినందుకు జీవితాంతం నొచ్చుకున్నాడు.

1985లో దియోదాతో మళ్లీ అడవికి వెళ్లాడు. ‘కట్ అండ్ రన్’ పేరుతో వెనెజువెలాలో, మయామీలో తీసిన ఈ సినిమాలో నరభక్షకులు లేరు. వాళ్ల స్థానంలో కొకైన్ ముఠాలు, జోన్స్‌టౌన్ నుంచి మిగిలిన ఒక కల్నల్, అతని మాట మీద నరికే ఆదివాసులు ఉన్నారు. లిసా బ్లౌంట్ పోషించిన టీవీ విలేకరి అడవి నుంచి ఉపగ్రహం ద్వారా మయామీ స్టూడియోకు నేరుగా దృశ్యాలు పంపుతుంది. ఇటాలియన్‌లో దీని పేరుకు అర్థం ‘నరకం, ప్రత్యక్ష ప్రసారం’. ఐదేళ్ల కిందట ‘కానిబాల్ హోలోకాస్ట్’లో పోయిన రీళ్లు వెతికి తెచ్చి చూడాల్సి వచ్చింది. ఇప్పుడు చావు జరుగుతుండగానే ఇంట్లోకి వస్తోంది. కథ అతుకులబొంతగా ఉన్నా, రాబోయే టీవీ ఏ దారిన నడవబోతోందో దియోదాతో పసిగట్టాడు.

ఈ సినిమాలకు రెండో జన్మ ఇచ్చింది వీడియో క్యాసెట్. బ్రిటన్‌లో థియేటర్‌కు సెన్సార్ ఉండేది, 1980ల మొదట్లో క్యాసెట్‌కు ఉండేది కాదు. కత్తులు, నెత్తురు కక్కే కవర్ బొమ్మలతో క్యాసెట్లు వీధి చివరి కొట్లలో పిల్లల కంటపడేలా వేలాడాయి. ‘కానిబాల్ హోలోకాస్ట్’ పంపిణీదారే ప్రచారం కోసం నైతిక ఉద్యమకారిణి మేరీ వైట్‌హౌస్‌కు పేరులేని ఫిర్యాదు రాశాడని చెబుతారు. నిజమైతే ఆ ఎత్తు ఎదురు తిరిగింది. పత్రికలు గగ్గోలు పెట్టాయి, పోలీసులు కొట్ల మీద పడ్డారు. ప్రాసిక్యూషన్ విభాగం ప్రకటించిన జాబితాల్లో మొత్తం 72 సినిమాలు చేరాయి. వాటిలో 39 కోర్టుల్లో దోషిగా తేలాయి. ‘కానిబాల్ హోలోకాస్ట్’, ‘కానిబాల్ ఫెరాక్స్’ రెండూ అందులో ఉన్నాయి. 1984లో వీడియో రికార్డింగ్స్ చట్టం వచ్చి, ప్రతి సినిమా క్యాసెట్‌కూ సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది.

ఆ సెన్సారే తరవాత మెత్తబడిన తీరులో ఒక తీర్పు ఉంది. 2001లో ‘కానిబాల్ హోలోకాస్ట్’కు ఐదు నిమిషాలకు పైగా కోత పెట్టి అనుమతి ఇచ్చింది. 2011లో కోత పదిహేను సెకన్లకు తగ్గింది. ఆ పదిహేను సెకన్లూ కోవాటిని చంపే దృశ్యం. మనుషుల మీద చూపిన హింస అంతా నటన గనక వదిలేసి, నిజమైన వధల్లో ఆ ఒక్కదాన్ని మాత్రం ఆపారు. 1980లో అందరూ వెతికిన హత్య జరగలేదు. కళ్లెదుట జరిగిన వధ మాత్రం ముప్పై ఏళ్ల తరవాత కూడా కత్తెర కింద పడింది. తెగలకు అంటించిన మచ్చను ఏ కత్తెరా ఇప్పటికీ తుడవలేదు.

1988లో అంతోనియో క్లిమాతి ‘నతూరా కోంత్రో’తో ఈ బాట ముగిసింది. ఇటలీ చిన్న సినిమాకు పెట్టుబడి ఎండిపోయింది, వీడియో మార్కెట్‌కు హాలీవుడ్ సరుకు సరిపోయింది. లెంజి 2017లో, దియోదాతో 2022లో కన్నుమూశారు. దొరికిన రీళ్లలో కథ చెప్పే పద్ధతి మాత్రం బతికింది. 1999లో ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ దాన్నే వాడి, నెత్తురు చుక్క పెద్దగా చూపకుండా ప్రపంచమంతా డబ్బు చేసుకుంది. తాబేలును కోయకుండానే, ఒక తెగకు మచ్చ అంటించకుండానే ఆ భయం పుట్టించవచ్చని అది రుజువు చేసింది. ఇటలీ అడవి సినిమాలకు దక్కాల్సిన మెప్పు ఆ పద్ధతి కనిపెట్టినందుకు. ఆ పద్ధతి కోసం చేసిన పాపాలు కళకు అవసరమన్న వాదన మాత్రం నిలవదు.