'గ్రేట్ మజింగర్' – ఉత్తరకథా విచారము

ముగిసిన కథకు ఉత్తరభాగము రచించుట సాహసకార్యము. పూర్వకథలో నాయకుడు జయించి యుండును. శత్రువు నశించి యుండును. పాఠకుడు తృప్తుడై పుస్తకము మూసియుండును. ఆ తృప్తిని భంగపఱచి మరల కథ నెత్తుకొనువానికి చెప్పవలసిన క్రొత్తమాట యొకటి ఉండవలెను. భవభూతికి అది కలదు. రాజధర్మమునకును రాముని హృదయమునకును గల వైరము పూర్వకథలో తీరని ఋణము. ఆ ఋణమే ఉత్తరరామచరితమునకు బీజము. తెలుగున తిక్కనయు, కంకంటి పాపరాజును రామాయణోత్తరకథను చేపట్టినపుడు వారికి ముందున్నదియు ఆ ఋణమే. జపానుదేశమున 'మాంగా' యని పేరొందిన సచిత్రకథావాఙ్మయములోని ప్రసిద్ధమైన యొక ఉత్తరకథను ఈ దృష్టితోనే పరిశీలింపవచ్చును.

గో నాగాయి రచించిన 'మజింగర్ జెడ్' 1972లో 'షోనెన్ జంప్' అను వారపత్రికలో ఆరంభమైనది. ఆ సంవత్సరము డిసెంబరులోనే తోయెయి సంస్థ దానిని కదలెడి బొమ్మల చిత్రముగా టెలివిజనులో ప్రదర్శింప మొదలిడెను. 92 భాగములు నడచి అది 1974 సెప్టెంబరు 1వ తేదీన ముగిసినది. సెప్టెంబరు 8వ తేదీన 'గ్రేట్ మజింగర్' ప్రారంభమైనది. నాగాయి బొమ్మలకథయు 'టీవీ మ్యాగజైన్' అను బాలల మాసపత్రికలో దానికి సమాంతరముగా వెలువడినది. వాల్మీకికిని భవభూతికిని నడుమ శతాబ్దములు గడచినవి. నాగాయికి వారము దినములకు మించి చిక్కలేదు.

పూర్వకథయొక్క గొప్పతన మెట్టిదో తెలిసిననేగాని ఉత్తరకథయొక్క కొఱత తెలియదు. 1956లో మిత్సుతెరు యొకోయామా ఆరంభించిన 'తెత్సుజిన్ 28' కథలో బాలుడు దూరమున నిలిచి, చేతిలోని పెట్టెతో లోహపురుషుని నడపును. నాగాయి ఆ బాలుని యంత్రముయొక్క శిరస్సులోనే కూర్చుండబెట్టెను. యంత్రము చేసిన పాపమున నడపువానికి భాగము లేదనుట కిక వీలులేకపోయెను. మరణించుచున్న తాత జూజో కబుతో తన మనుమడైన కోజికి మజింగర్ నప్పగించుచు, దీనితో నీవు దేవుడవును కాగలవు, దయ్యమవును కాగలవు అను భావమునే చెప్పును. నడుపనేరని కోజి చేతిలో ఆ యంత్రము మొదట రక్షణకు గాక విధ్వంసమునకే సాధనమగును. కథకంతటికిని ప్రాణమైన ఘట్టమిది.

ఈ సంశయము పేరులోనే యున్నది. మజింగర్ అను పేరులో వినవచ్చు 'మజిన్' అను జపానీ సమాసమున 'జిన్' అనగా దేవుడు. 'మ' అనుదానికి మూలము సంస్కృతమున 'మార' శబ్దము. బౌద్ధగ్రంథముల ననువదించుటకై చీనాపండితులు ఆ శబ్దమునకు కల్పించుకొన్న లిపిసంకేతము జపానుకు చేరి, దుష్టశక్తికి సామాన్యవాచకమైనది. అనగా బుద్ధుని శోధించిన మారుడును దేవుడును ఒకే పేరున ఇమిడియున్నారు. ప్రతినాయకుని అనుచరుడగు అషురా పేరున మన 'అసుర' శబ్దమే ధ్వనించును. ప్రాచీనులైన స్త్రీపురుషుల శవములను సగము సగముగా చేర్చి నిర్మింపబడిన వాడతడు. అర్ధనారీశ్వరతత్త్వము భీభత్సరసమునకు దిగినచో ఎట్లుండునో చూడగోరువారు ఆ పాత్రను చూడవచ్చును.

మఱి ఉత్తరకథ ఆ పేరునకు చేర్చిన దేమి? 'గ్రేట్' అను ఆంగ్ల విశేషణము. దోషమంతయు ఆ విశేషణములోనే బీజరూపమున కలదు. లోహము పూర్వలోహముకంటె దృఢతరము. పూర్వయంత్రమునకు తరువాత సంపాదింపబడిన రెక్కలు దీనికి మొదటినుండియు కలవు. ఆకసమునుండి పిడుగు దిగివచ్చి దీని చేతికి ఆయుధమగును. శత్రువులును హెచ్చిరి: ఒక్క దుష్టశాస్త్రజ్ఞునకు మారుగా మికేనే సామ్రాజ్యమును, దాని ఏడు సేనలును వచ్చినవి. అంతయు పెరిగినది; పేరులోని దేవ దానవ ద్వంద్వము మాత్రము మఱవబడినది. క్రొత్తనాయకుడు తెత్సుయా త్సురుగి బాల్యమునుండి యుద్ధశిక్షణ పొందినవాడు. అతని చేయి వణకదు. దేవుడనగుదునా, దయ్యమునగుదునా యను ప్రశ్న అతనికి పుట్టదు.

అంతకంటె పెద్దదోషము వేఱొకటి. పూర్వచిత్రముయొక్క తుది భాగమున మజింగర్ జెడ్ క్రొత్తశత్రువుల చేతిలో చితికిపోవగా, గ్రేట్ మజింగర్ వచ్చి రక్షించును. ప్రతినాయకుని వంశవీర్యాదులను వర్ణించి, అట్టివానిని జయించెనని చెప్పుటచే నాయకునకు ఉత్కర్ష కలుగునని దండి నిరూపించినాడు. ఇచట జరిగినది వేఱు. క్రొత్తవాని ఉత్కర్షకు వెల పాతనాయకుని అవమానము. రెండేండ్లు కోజితో కూడి గెలిచిన పిల్లవానికి ఒక్క సాయంకాలమున, నీ యంత్రము పాతబడినది, క్రొత్తది కొనుమని చెప్పినట్లయినది. ఈ మాట కేవలము అలంకారము కాదు. 1974లో పాపీ సంస్థ మజింగర్ లోహపు బొమ్మలను 'చోగోకిన్' అను పేర విక్రయింపసాగెను. ఆ పదమునకు అర్థము 'మహామిశ్రలోహము'; కథలో మజింగర్ దేహమునకు చెప్పిన లోహమునకే ఆ పేరు. కథలోని పదము అంగడి కెక్కినది; అంగడి గతి కథ కెక్కినది.

ఐనను ఈ ఉత్తరకథను త్రోసివేయుట న్యాయము కాదు. నాయకుడు సంశయహీనుడని చెప్పుట యంత్రము నడపునపుడు మాత్రమే సత్యము. తెత్సుయా అనాథ. కోజికి తండ్రియైన కెంజో కబుతో మృతుడని లోకము నమ్మియుండగా, అతడు రహస్యముగా జీవించి, తెత్సుయాను, జున్ అను బాలికను చేరదీసి యోధులుగా పెంచెను. తన కొడుకులు కోజి, షిరోలకు మాత్రము తాను బ్రదికియున్నట్లు తెలియనీయలేదు. ఇతరుల బిడ్డలకు తండ్రియై, తన బిడ్డలను తండ్రిలేనివారిని చేసిన ఈ మనుష్యుని మౌనములో పూర్వకథకు తెలియని గాంభీర్యమున్నది. జున్ తండ్రి నల్లజాతి అమెరికావాడు. ఆ కారణమున ఆమె అనుభవించు తిరస్కారమును ఆ కాలపు బాలచిత్రము ప్రస్తావించుటయే విశేషము.

ఇచటను పేర్లు సాక్ష్యమిచ్చును. 'కబుతో' అనగా శిరస్త్రాణము. 'త్సురుగి' అనగా ఖడ్గము. 'తెత్సు' అనగా ఇనుము. శిరస్త్రాణము ఇంటివారి వంశనామము. ఇనుపఖడ్గము ఆ యింట నుంచుకొన్న ఆయుధము. కన్నకొడుకు తిరిగివచ్చిననాడు ఆయుధమునకు స్థానమేది? టెలివిజను రూపముయొక్క తుది భాగములలో కోజి విదేశమునుండి మరలి వచ్చును. తెత్సుయా అసూయతో దహింపబడును. యుద్ధమున తప్పటడుగు వేయును. వానిని రక్షించుటకై కెంజో ప్రాణమిచ్చును. కర్ణునకు పుట్టుక కలదు, గుర్తింపు లేదు; వీనికి గుర్తింపు కలదు, పుట్టుక లేదు. కర్ణుని దుఃఖము నెఱిగిన భారతీయ పాఠకునకు ఈ దుఃఖము వేఱుగ వ్యాఖ్యానింపనక్కఱలేదు.

ఇట్టి బీజము లభించియు, దాని ననుదినయుద్ధముల నడుమ నణచియుంచి, కథ ముగియవచ్చినపుడు మాత్రమే మొలకెత్తించుట రచనాలోపము. ఈ విషయము టెలివిజను రూపమున పొందిన విస్తృతిని బొమ్మలకథలో పొందలేదు. పసిపిల్లల మాసపత్రికలోని కొలది పుటలు పోరాటములకే చాలినవి. గీతలో బలమున్నది, మృగయోధుల రూపకల్పనలో నాగాయి భయానకశక్తి చెక్కుచెదరలేదు. తండ్రి యెదుట మాట రాక నిలిచిన యువకుని ముఖమునకు మాత్రము కావలసినంత చోటు దొరకలేదు.

ఇవి బాలుర వినోదములు, వీనికి రసవిచార మేల యని కొందఱనవచ్చును. తోలుబొమ్మలాటను గూర్చియు ఒకనాడు పండితు లట్లే పలికిరి. పైగా ఉత్తరకథాలక్షణమును నిర్ణయింపగోరువారికి, అంగడి తొందరచే పుట్టిన ఉత్తరకథ శతాబ్దముల ధ్యానముచే పుట్టినదానికంటె తక్కువ ఉపకరించునని చెప్పుటకు వీలులేదు.

1975 అక్టోబరులో మూడవ కథ 'గ్రెండైజర్' టెలివిజనున మొదలైనది. కోజి అందు సహాయకుడై మరల కనబడెను. తెత్సుయాకు అందు చోటు లేదు. 1976లో వచ్చిన యొక చిన్న చలచ్చిత్రమున గ్రేట్ మజింగర్ యంత్రము ప్రదర్శనశాలలో వస్తువై నిలిచియుండును. శత్రువు దానిని అపహరింపగా, తిరిగి సాధించి, దాని శిరస్సులో కూర్చుండి నడపువాడు కోజి కబుతో.