మాటలు ఎవరి బీరువాలో ఉన్నాయి?

ఆఫీసు మారిన కన్సల్టింగ్ కంపెనీ పెట్టే పోస్టుకి ఒక ఫార్మాట్ ఉంది. అట్టావాలో ఉంటూ లింక్డిన్ తెరిచే అలవాటున్న వాళ్ళకి ఇది కంఠతా వచ్చేసి ఉంటుంది. ముందు గాజు గోడల ఫోటో. తర్వాత, ఈ కొత్త ఆఫీసు ఆల్గాంక్విన్ ప్రజలు ఏనాడూ వదులుకోని నేల మీద ఉందని వినయంగా ఒక వాక్యం. (అద్దె మాత్రం ఆల్గాంక్విన్లకి వెళ్ళదు. ఆ సంగతి ఆ వాక్యంలో ఉండదు.) చివర్లో, ఉత్తరాది మూలవాసులతో తమకున్న ఇన్నేళ్ళ అనుబంధం ఈ కొత్త చోట మరింత బలపడుతుందని ఒక హామీ. కింద లైకులు.

పాత ఆఫీసు నుంచి కొత్త ఆఫీసుకి నడిస్తే పది నిమిషాలు. వాళ్ళు ఉత్తరాది అంటున్న నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌కి విమానంలో మూడు గంటలు, సుమారు 2,000 కిలోమీటర్లు. పది నిమిషాలు పక్కకి జరిగితే ఆ బంధం ఎట్లా బలపడుతుందో వాళ్ళే చెప్పాలి.

అసలు ఉత్తరాన ‘మారడం’ అనే మాటకి వేరే చరిత్ర ఉంది. 1953లో కెనడా ప్రభుత్వం ఉత్తర క్విబెక్‌లోని ఇనుక్జువాక్ నుంచి కొన్ని ఇన్యూట్ కుటుంబాల్ని ఓడ ఎక్కించి, దాదాపు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి తీసుకెళ్ళి రెజొల్యూట్, గ్రీస్ ఫియోర్డ్ అనే చోట్ల దించింది. వేట బాగా దొరుకుతుందన్నారు, నచ్చకపోతే రెండేళ్ళలో వెనక్కి తెస్తామన్నారు. తేలేదు. చలికాలంలో నెలల తరబడి సూర్యుడు కనపడని చోట వాళ్ళు బతుకు మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. క్షమాపణ 2010లో వచ్చింది. అప్పటికి ఆ ఓడ ఎక్కినవాళ్ళలో చాలామంది లేరు.

ఆఫీసు దక్షిణాన ఉండటం మీద నాకు పెద్ద పేచీ లేదు. ఎక్కడ అద్దె కుదిరితే అక్కడ ఉంటారు. ఆఫీసు మారేటప్పుడు లారీ ఎక్కే అట్టపెట్టెల్లో ఏముంది, అవి ఎవరివి? నా పేచీ అంతా దీని మీదే.

ఈ వ్యాపారం ఎట్లా నడుస్తుందో చెప్తాను. ఒక గని కంపెనీయో ప్రభుత్వ శాఖో ఉత్తరాన ఏదో తవ్వాలనో కట్టాలనో అనుకుంటుంది. 1982 రాజ్యాంగంలోని 35వ సెక్షన్ మూలవాసుల హక్కుల్ని గుర్తించింది. ఆ హక్కుల మీద దెబ్బ పడే అవకాశం ఉంటే ముందుగా వాళ్ళని సంప్రదించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని 2004లో హైడా నేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సంప్రదింపుల్లో కొంత పని కంపెనీలకి అప్పగించొచ్చనీ అదే తీర్పు అంది, బాధ్యత మాత్రం ప్రభుత్వం మీదే ఉంటుందంది. ఆ సందులోంచి పుట్టిన మార్కెట్టే ఇది. కన్సల్టెంట్లు విమానం దిగుతారు. నునావుట్‌లో 25 ఊళ్ళున్నాయి, ఏ రెండు ఊళ్ళ మధ్యా రోడ్డు లేదు. ఊళ్ళో కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెడతారు. టీ, బిస్కెట్లు, వచ్చినవాళ్ళకి లక్కీడ్రా. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి మ్యాపులు పరిచి, ఎక్కడ వేటాడతారు, క్యారిబూ ఏ దారిన వస్తుంది, ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవర్ని ఎక్కడ పాతిపెట్టారు, అన్నీ అడుగుతారు. రికార్డు చేస్తారు. విమానం ఎక్కుతారు. రిపోర్టు వస్తుంది.

సాహిత్యం చదివే వాళ్ళం కదా, ఆ రిపోర్టుని కాసేపు ఒక ప్రక్రియగా చూద్దాం. అందులో మనుషులుండరు, ‘పాల్గొన్నవారు’ ఉంటారు. కోపం ఉండదు, ‘ఆందోళన వ్యక్తమైంది’ ఉంటుంది. ఎవరు వ్యక్తం చేశారు, ఏ భాషలో, ఎవరి మీద? కర్త మాయం. ఒక ముసలి వేటగాడు ఫలానా వారంలో ఫలానా పాయలోకి నార్వాల్‌లు వస్తాయని, ఆ యేడు మంచు ముందే విరిగిందని, వాళ్ళమ్మ తనని అక్కడే కన్నదని గంటసేపు చెప్పాడనుకోండి. రిపోర్టులో అది ‘సముద్ర క్షీరదాలకు స్థానికంగా సాంస్కృతిక ప్రాధాన్యం ఉంది’ అవుతుంది. నలభై పేజీల తర్వాత ఒక టేబుల్లో ఎడమ పక్క ‘ఆందోళన’, కుడి పక్క ‘నివారణ చర్య’. రెండు గడులూ నిండాయి కాబట్టి లెక్క సరిపోయింది. మన పేపర్లు ‘పలువురు అభిప్రాయపడ్డారు’ అని రాస్తాయే, దానికి ఇది ఖరీదైన ఇంగ్లీషు అన్నయ్య.

తెలుగులో మనకి ఈ పనికి ఇంకా నిజాయితీ ఉన్న మాట ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ. ఊరి నేల తీసుకుంటే భూసేకరణ, ఊరి మాట తీసుకుంటే అభిప్రాయ సేకరణ. రెండిట్లోనూ క్రియ ఒకటే, రెండిట్లోనూ సేకరించేవాడు బయటి నుంచి వస్తాడు, సేకరించింది బయటికే పోతుంది. మన పర్యావరణ నోటిఫికేషన్ (2006) ప్రకారం స్థానిక భాషలో ఇవ్వాల్సింది రిపోర్టు సారాంశం ఒక్కటే. పూర్తి రిపోర్టు కావాలంటే ఇంగ్లీషు నేర్చుకోవాలి. కెనడా ఇంగ్లీషు కన్సల్టేషన్ అంటుంది, అందులో ఏదో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్న ధ్వని ఉంది. మన అధికార భాష ఆ మర్యాద కూడా పాటించలేదు, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

సేకరణ ఏ స్థాయికి పోతుందో చూడాలంటే క్లైడ్ రివర్ కేసు చదవాలి. బాఫిన్ దీవి తూర్పు తీరంలో సుమారు వెయ్యి మంది ఉన్న ఊరు అది. ఇనుక్టిటుట్‌లో కంగిక్టుగాపిక్. తీరానికి అవతల సముద్రంలో చమురు కోసం సైస్మిక్ సర్వే చేస్తామని కొన్ని కంపెనీలు వచ్చాయి. సర్వే అంటే నీళ్ళలో పెద్ద పెద్ద శబ్దాలు చేస్తూ పోవడం. ఆ నీళ్ళలోని తిమింగలాలూ సీల్‌లూ వీళ్ళ తిండి. 2013లో ఊళ్ళల్లో మీటింగులు పెట్టారు. ఈ శబ్దానికి ఆ జంతువులు ఏమవుతాయని జనం అడిగితే, మామూలు ప్రశ్నలకి కూడా సరైన జవాబు లేదు. కొన్ని నెలల తర్వాత జవాబులంటూ ఒక డాక్యుమెంటు వచ్చింది. 3,926 పేజీలు. ఎక్కువ భాగం ఇంగ్లీషే, ఇనుక్టిటుట్‌లోకి వచ్చింది కొంచెమే. నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టారు, ఊరి ఆఫీసులకి పంపారు. అక్కడ ఇంటర్నెట్ నత్తనడక, పైగా ఖరీదు. ఆ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోవడమే గగనం. 2014లో సర్వేకి అనుమతి వచ్చేసింది.

ఊరి మేయరు జెర్రీ నటానిన్, అక్కడి వేటగాళ్ళ సంఘం కోర్టుకెళ్ళారు. వాళ్ళకి గ్రీన్‌పీస్ తోడు నిలిచింది. (సీల్ వేట మీద ప్రచారంతో ఇన్యూట్ల పొట్ట కొట్టిందన్న పేరున్న సంస్థ ఇది. అట్లాంటి దాంతో చెయ్యి కలిపారంటే పరిస్థితి ఎంతవరకు వచ్చిందో ఊహించుకోవచ్చు.) 2017 జులైలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అనుమతి కొట్టేసింది. జనం చదవలేని కాగితాల కట్టని వాళ్ళ ముందు పడెయ్యడం సంప్రదింపు కాదని చెప్పడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళాల్సి వచ్చింది. నాలాంటి ఇంజనీరుకి ఆ 3,926 అంకె చూస్తే నవ్వు, ఏడుపూ కలిసి వస్తాయి. ‘సమాచారం అందుబాటులో ఉంచాం’ అనడం మా వృత్తిలో కూడా రోజూ వినపడే అబద్ధమే.

వేరేగా చెయ్యడం కుదరదా అంటే, యాభై ఏళ్ళ కిందటే చేసి చూపించారు. మెకెంజీ లోయలో గ్యాస్ పైప్‌లైన్ వెయ్యాలా వద్దా అని తేల్చడానికి 1974లో జడ్జి థామస్ బెర్జర్‌ని నియమించారు. ఆయన 35 ఊళ్ళు తిరిగాడు, దాదాపు వెయ్యి మంది మాట విన్నాడు, వాళ్ళ భాషల్లోనే. ఆ రోజు ఎవరేం చెప్పారో సాయంత్రం సీబీసీ రేడియోలో ఆయా భాషల్లో వచ్చేది, ఒక ఊరి వాదన పక్క ఊరికి తెలిసేది. 1977 రిపోర్టు తెరిస్తే మనుషులు పేర్లతో సహా మాట్లాడుతుంటారు. పైప్‌లైన్ని పదేళ్ళు ఆపమని, ఉత్తర యూకాన్ మీదుగా అసలే వద్దని చెప్పాడు. కన్సల్టింగ్ రిపోర్టులన్నీ కలిపి చదివినా ఆ పుస్తకంలో ఒక అధ్యాయానికి ఉన్న ప్రాణం ఉండదు. వాక్యానికి కర్త ఉంటే వచ్చే తేడా అది.

కన్సల్టెంట్లంతా దొంగలు అనట్లేదు నేను. 1970లలో ఇన్యూట్ల జాతీయ సంస్థ, ఈనాటి ఇన్యూట్ టపిరీట్ కనాటమికి పూర్వరూపం, తమ నేల వాడకాన్ని మ్యాపుల్లోకి ఎక్కించాలని పూనుకుంది. ఆ పని చేసింది మిల్టన్ ఫ్రీమన్ అనే పరిశోధకుడి సంస్థ. వేటగాళ్ళు ఒక్కొక్కరూ తమ జీవితాన్ని మ్యాపు మీద గీశారు. 1976లో మూడు సంపుటాలుగా వచ్చింది. ఆ మ్యాపులు నునావుట్ హక్కుల వాదనకి పునాది అయ్యాయి, 1993లో ఒప్పందం, 1999 ఏప్రిల్ 1న నునావుట్ పుట్టింది. పెన్సిలూ అవే, మ్యాపూ అదే, అడిగే ప్రశ్నలూ దాదాపు అవే. అడగమన్నది ఎవరు, చివరికి ఆ మ్యాపు ఎవరి చేతికి వచ్చింది అన్నదొక్కటే తేడా.

ఇప్పుడు అట్టపెట్టెల దగ్గరికి వస్తాను. కొన్నేళ్ళ కిందట ఆఫీసు మారుతున్న ఒక కంపెనీకి పాత ఫైళ్ళన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించే పని మా టీముకి వచ్చింది. స్ప్రెడ్‌షీట్‌లో కాలమ్స్: ప్రాజెక్ట్ నంబరు, క్లయింటు, తేదీ, ఎన్నేళ్ళు ఉంచాలి. క్లయింటు గడిలో ప్రతిసారీ ఒక శాఖ పేరో గని పేరో. మాట్లాడిన మనిషికి కాలమ్ లేదు, ఊరికి లేదు, భాషకి లేదు. కాగితాలు కాక ఓ గది నిండా ఆడియో క్యాసెట్లు, 1980ల చివర్నుంచి. స్టిక్కర్ మీద ఊరి పేరు, ఇంటిపేరు, తేదీ. ఇవేం చెయ్యాలని అడిగాను. స్కోపులో లేవన్నారు. ఊళ్ళ లిస్టు తయారుచేసి, వాళ్ళకి ఒక ఉత్తరం ముక్క రాయొచ్చు కదా అని మెయిల్ పెట్టాను. కాంట్రాక్టు ప్రకారం అవి క్లయింటు ఆస్తి అని జవాబొచ్చింది. ఆ క్లయింట్లలో ఒక గని అప్పటికే మూతపడింది. కొత్త ఆఫీసులో స్థలం తక్కువ కాబట్టి క్యాసెట్లు ఊరి చివర నెలవారీ అద్దె గోదాములోకి పోయాయి. రిసెప్షన్‌లోకి మాత్రం ఒక సోప్‌స్టోన్ ఎలుగుబంటి వచ్చింది.

ఇక్కడ చెప్పే సాకులు నాకు తెలుసు. ఇంటర్వ్యూలు గోప్యం అంటారు. సొంత తాత గొంతు మనవడికి గోప్యం, గోదాము వాడికి కాదా? ఊళ్ళల్లో భద్రపరిచే సౌకర్యాలు లేవంటారు. ఇగ్లూలిక్ చూడండి, జనాభా సుమారు రెండు వేలు. అక్కడి పెద్దల సంఘం 1986 నుంచి తమ వాళ్ళ జ్ఞాపకాల్ని ఊళ్ళోనే రికార్డు చేస్తూ, అనువాదం చేస్తూ, ఊళ్ళోని రీసెర్చ్ సెంటర్లోనే దాచుకుంది. 2001లో కాన్‌లో కామెరా డోర్ గెలిచిన ‘అటనార్జువాట్’ కూడా ఈ ఊరిదే. పెద్దవాళ్ళ నోట విన్న కథని రికార్డు చేసుకుని దాని మీద స్క్రిప్టు రాసుకున్నారు. పూర్తిగా ఇనుక్టిటుట్‌లో తీసిన మొదటి ఫీచర్ సినిమా. కొంచెం ఆలోచించండి, ఆ రికార్డింగులు అట్టావాలో ఎవరి ప్రాజెక్ట్ నంబరు కిందో ఉండి ఉంటే?

ఇక ‘ఇప్పుడిప్పుడే ప్రమాణాలు ఏర్పడుతున్నాయి’ అనే మాట. సమాచారం మీద యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం తమవేనని ఫస్ట్ నేషన్స్ 1998లోనే ఓక్యాప్ సూత్రాలుగా చెప్పారు. ఇన్యూట్లు 2018లో తమ పరిశోధనా వ్యూహంలో ఇదే మాట రాసుకున్నారు. పాతికేళ్ళు దాటినా ఇప్పుడిప్పుడే అంటే, ఆ ఇప్పుడు ఎప్పుడు?

చెయ్యాల్సింది పెద్దదేం కాదు. ఆ స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు కాలమ్స్ కలపండి: ఊరు, మాట్లాడినవాళ్ళు, భాష, ఇప్పుడు ఎవర్ని అడగాలి. ఆఫీసు మారుతున్నామని లింక్డిన్‌కి చెప్పే ముందు ఆ ఊళ్ళకి చెప్పండి, మీ వాళ్ళ గొంతులు మా దగ్గర ఇన్ని ఉన్నాయి, ఏం చెయ్యమంటారు అని. కొందరు పంపమంటారు. కొందరు ముట్టుకోవద్దంటారు. కొందరు చెరిపెయ్యమనొచ్చు కూడా, అదీ వాళ్ళిష్టమే. కాంట్రాక్టు అడ్డమొస్తే క్లయింటుతో పోట్లాడండి, మీరు చెప్పుకునే అనుబంధం అక్కడ పనికొస్తుంది.

క్యాసెట్ టేపుకి వయసుంటుంది. ముప్పై, నలభై ఏళ్ళకి అయస్కాంత పూత రాలిపోవడం మొదలవుతుంది. గోదాములో ఉన్నవాటికి ఆ వయసు వచ్చేసింది. అట్టావా నుంచి ఇకాలుయిట్‌కి విమానాలు మామూలుగా తిరుగుతూనే ఉన్నాయి, సరుకు కూడా తీసుకెళ్తాయి.