గాలిలో అలలు, లెక్కలో అంకె

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపానును శ్రీకాకుళము జిల్లావారు మరచియుండరు. నేలగూలిన కొబ్బరి, జీడిమామిడి తోటలను అందరును చూచిరి. కంటికి కనబడని సంగతి ఒకటి ఆకాశమున జరుగును. తుపాను మేఘములు పైకి పొంగి, తమ మీది నిలకడగల గాలిపొరను గ్రుద్దినప్పుడు, చెరువులో రాయి వేసినట్లు అందు అలలు పుట్టును. వీనినే వాతావరణ గురుత్వ తరంగములందురు. 2015లో లైగో పరికరములు పట్టిన గురుత్వాకర్షణ తరంగములు వేరు; మా భౌతికశాస్త్ర తరగతిలోనే ఈ రెంటిని కలిపివేయువారు కలరు.

పైకెత్తబడిన గాలి చల్లబడి, చుట్టుగాలికంటె బరువెక్కి దిగును. దిగిన వేగమున హద్దు దాటి మరల లేచును. కొండకు కొట్టుకొన్న గాలియు ఇట్లే ఊగును. సముద్రపు తుపానులు, మహేంద్రగిరి వంటి 1500 మీటర్ల కొండలు రెండును మన సీమకు చేరువనే యున్నవి. పైకి పోయిన కొలది గాలి పలుచబడుటచే అల పెరిగి పెరిగి, కళింగపట్నము ఒడ్డున కెరటము విరిగినట్లు విరుగును. విరిగిన చోట తాను మోసికొనివచ్చిన ఊపును అచ్చటి గాలికి అప్పగించును. ఆ ఊపు స్వల్పమని తలపరాదు. భూమధ్యరేఖపై స్ట్రాటో ఆవరణములోని గాలులు తూర్పు పడమరలు మారుచు, సుమారు 28 నెలలకొక చక్రము తిరుగుటకు ఈ తరంగములు ముఖ్యకారణములలో నొకటి. ఎండ అస్తమింపని ధ్రువ వేసవిలో సుమారు 85 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 130 డిగ్రీలకు పడిపోవుటయు వీని పనియే.

ఇక శీతోష్ణస్థితి నమూనాల సంగతి. అవి భూగోళమును సాధారణముగా 100 కిలోమీటర్లు, అంతకు మించిన గళ్లుగా విభజించును. విజయనగరము, శ్రీకాకుళము రెండును ఒకే గడిలో ఇమిడిపోవును. కొన్ని పదుల కిలోమీటర్ల అల ఆ జల్లెడలో నిలువదు. కావున దాని బదులు ఒక సూత్రమును పెట్టి, గాలులు పరిశీలనకు సరిపడువరకు అందలి అంకెను సవరింతురు. కొన్ని నమూనాలలో ఆ అంకె తిత్లీ రాత్రికిని, నిర్మలమైన పుష్యమాసపు ఉదయమునకును ఒక్కటే!

దీనిని మోసమని నేననను. లెక్క ముందుకు సాగవలెను గదా. కాని నిన్నటి ఆకాశమునకు కుదిర్చిన అంకె, వేడెక్కిన రేపటి ఆకాశమునకు కుదురునను హామీ ఏది? ఆ 28 నెలల చక్రము మున్ముందు వేగపడునా, మందగించునా అని అడిగినచో నమూనాలు తలకొక మాట చెప్పుచున్నవి. గళ్లను కిలోమీటరుకు తగ్గించిన చాలుననువారు కలరు. అట్లు ఒక శతాబ్దమును లెక్కించుట నేటి సూపరు కంప్యూటర్లకును భారమే.

కావలసినది కొలత. తిరుపతి సమీపమున గాదంకిలో 1024 యాంటెన్నాల రాడారు 1990వ దశకపు ఆరంభము నుండి ఈ తరంగములను పరిశీలించుచున్నది. అది మనకు గర్వకారణమే, కాని ఒక గాదంకి చాలదు. అది మనకు దాదాపు ఐదు అక్షాంశములు దక్షిణమున నున్నది. విశాఖపట్నమున వాతావరణ శాఖవారు ఎగురవేయు బెలూనుల కొలతలు కలవు. వానిని పరిశీలించుటకు రాడారు అక్కరలేదు. ఒక కంప్యూటరు, ఓపికగల నలుగురు విద్యార్థులు చాలును. ఉష్ణోగ్రత రేఖ నుండి నునుపైన సగటు రేఖను తీసివేసినచో మిగులు వంకరలలో తరంగముల జాడ కనబడును. కళాశాల కమిటీవారు అనుమతించి ఆ కొలతలకై వ్రాసినచో, తిత్లీకి ముందు వెనుకల పది రోజులతో పని మొదలుపెట్టవచ్చును.