పాత ఫంక్షన్‌కు వీడ్కోలు ఎప్పుడు? సైపై చెబుతున్న పాఠం

2024 ఏప్రిల్‌లో సైపై 1.13 వెర్షన్ విడుదలైంది. పైథాన్‌లో శాస్త్రీయ లెక్కలు చేసేవారికి దీని పేరు కొత్త కాదు. ఆ వెర్షన్ వేసుకున్న చాలామందికి మర్నాడు విచిత్రమైన సమస్య ఎదురైంది. పదాల మధ్య సంబంధాలను లెక్కగట్టే జెన్‌సిమ్ అనే మరో లైబ్రరీ అసలు తెరుచుకోవడమే మానేసింది. 'ట్రైయు' అనే పేరు దొరకడం లేదన్న ఎర్రర్ తప్ప తెరపై మరేమీ లేదు.

ట్రైయు చేసేది చిన్న పని. మాత్రికలో ప్రధాన వికర్ణం కింద ఉన్న అంకెలను సున్నా చేసి, పై త్రిభుజాన్ని మాత్రం ఉంచుతుంది. సైపైకి పునాది అయిన నంపైలో ఇదే పేరుతో ఇదే పని చేసే ఫంక్షన్ ఎప్పటినుంచో ఉంది. ఒకే పనికి రెండు ఫంక్షన్లు ఉంటే రెండింటికీ పరీక్షలు రాయాలి, రెండింటి బగ్‌లూ సరిచేయాలి. కాబట్టి సొంతదాన్ని తీసేయాలన్న నిర్ణయంలో తప్పుపట్టడానికేమీ లేదు. పైగా 2023 జూన్‌లో వచ్చిన 1.11 నుంచే 'ఇది పోతుంది, నంపైది వాడండి' అని హెచ్చరిస్తూనే ఉన్నారు.

మరి ఆ హెచ్చరిక ఎవరి చెవిన పడింది? చిక్కంతా ఇక్కడే ఉంది. ఇలాంటి హెచ్చరికలు నేరుగా మనం నడిపే ప్రోగ్రామ్‌లోంచి వస్తే పైథాన్ చూపిస్తుంది. మధ్యలో ఉన్న మరో లైబ్రరీలోంచి వస్తే మామూలుగా దాచేస్తుంది. జెన్‌సిమ్ వాడే విద్యార్థికి సైపై పిలుపు కనిపించదు, దాన్ని మార్చే అధికారమూ అతనికి లేదు. గడువు ఇచ్చామన్న మాట కాగితం మీద నిజమే. దెబ్బ తగిలింది మాత్రం ఆ గడువు సంగతే తెలియనివారికి. వారికి దొరికిన సలహా ఒక్కటే: సైపై 1.12కు వెనక్కి వెళ్లండి.

రెండు నెలలకే, జూన్‌లో, సైపై 1.14లో మరో పాత కాపు సెలవు తీసుకుంది. పేరు ఇంటర్ప్‌2డి. కొన్ని బిందువుల దగ్గర విలువలు తెలిస్తే వాటి మధ్య విలువలను అంచనా వేసే ఫంక్షన్ ఇది. దీని కథ వేరు. ఇచ్చిన డేటా క్రమమైన గళ్లలో ఉందా, చెల్లాచెదురుగా ఉందా అన్నది వాడుకరిని అడగదు. జాబితాల పొడవులు చూసి తానే ఊహించుకుని, గుట్టుచప్పుడు కాకుండా ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మారిపోతుంది. వాతావరణ పటమో, భూగర్భ జలాల పటమో గీసే పరిశోధకుడికి ఏ పద్ధతిలో జవాబు వచ్చిందో తెలియదు. ఆగిపోయే ప్రోగ్రామ్ కన్నా నమ్మకంగా తప్పు చెప్పే ప్రోగ్రామ్ ప్రమాదకరం. నా దృష్టిలో ఇంటర్ప్‌2డి ఇంకా ముందే వెళ్లాల్సింది.

అయితే దాన్ని సాగనంపిన తీరు బాగుంది. 2023 జనవరిలో 1.10తో హెచ్చరిక మొదలుపెట్టారు. ఏ సందర్భంలో ఏది వాడాలో వివరించే ప్రత్యేక మార్గదర్శిని రాశారు. తొలగించాక కూడా పేరును ఉంచారు. పిలిస్తే లెక్క చేయదు గానీ, ప్రత్యామ్నాయాలేమిటో చెప్పి ఆగుతుంది. ఇల్లు ఖాళీ చేసినవారు తలుపు మీద కొత్త చిరునామా అంటించి వెళ్లినట్టు. ట్రైయుకు ఆ చీటీ ఉండి, నంపై దానికి దారి మళ్లించే రెండు పంక్తులు మరో ఏడాది మిగిలి ఉంటే జెన్‌సిమ్ ఆగేది కాదు. ఎవరికీ హాని చేయని ఫంక్షన్ విషయంలో తొందర దేనికి?

సైపైని నడిపేవారిలో చాలామంది స్వచ్ఛందంగా పనిచేసేవారే. చీటీ అంటించడం కూడా పనే, దానికీ మనిషి కావాలి. ఈ పునాదుల మీద మన దేశంలోని కళాశాలలు, బ్యాంకులు, స్టార్టప్‌లు లెక్కలు వేస్తున్నాయి గానీ, తిరిగి ఇచ్చేది తక్కువ. జెరోధా 2024 అక్టోబరులో ప్రకటించిన, ఏటా 10 లక్షల డాలర్ల నిధి లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డబ్బు ఇవ్వలేని సంస్థలు కనీసం దాచిన హెచ్చరికలను తెరిచి, తమ ప్రోగ్రామ్‌లను కొత్త వెర్షన్లతో ముందుగా పరీక్షించి, ఫలితాన్ని లైబ్రరీవారికి తెలపవచ్చు. ట్రైయు విషయంలో 2023 జూన్ నుంచి 2024 ఏప్రిల్ దాకా అందుకు సమయం ఉంది.