18 మీటర్ల తర్వాత... ఎటు?

స్కూబా డైవింగ్‌లో మొదటి కోర్సు పూర్తయింది. ఈతకొలనులో మాస్కులోకి నీళ్లు నింపుకుని ఖాళీ చేయడం నేర్చుకున్నారు. నాలుగుసార్లు సముద్రంలోకి దిగారు. పైకొచ్చేసరికి 'ఓపెన్ వాటర్ డైవర్' అన్న గుర్తింపు చేతికొచ్చింది. ఆ సంబరంలో ఉండగానే ఎదురయ్యే ప్రశ్న... 'తర్వాతి కోర్సు ఏది?'

ఉత్సాహం ఆగనివాళ్లు మర్నాడే పై కోర్సుకి డబ్బు కట్టేస్తారు. ఇంకొందరు 'మళ్లీ చూద్దాంలే' అని ఇంటికొచ్చేస్తారు. ఆ 'మళ్లీ' రెండేళ్లయినా రాదు. ఈలోగా నేర్చుకున్నదంతా నీళ్లపాలు! హైదరాబాద్ నుంచి అండమాన్‌కి వెళ్లి నేర్చుకున్నా, విశాఖలో రుషికొండ దగ్గర దిగినా, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణికో పుదుచ్చేరికో వెళ్లొచ్చినా సందేహం మాత్రం ఒకటే. జవాబే, అందరికీ ఒకటి కాదు.

ఘాట్ రోడ్డు ఇప్పుడే వద్దు

స్కూబా కార్డు డ్రైవింగ్ లైసెన్సులాంటిది. బండి నడపడానికి అనుమతి వచ్చిందంటే నడపడంలో చేయి తిరిగిందని కాదు. ప్రపంచంలో ఎక్కువమందికి శిక్షణ ఇస్తున్న ప్యాడీ సంస్థ లెక్క ప్రకారం మొదటి కార్డుతో 18 మీటర్ల లోతు వరకూ వెళ్లొచ్చు. అంటే దాదాపు ఆరంతస్తుల మేడంత. అదీ ఒంటరిగా కాదు, పక్కన జోడీగా మరో డైవర్ ఉండాలి. డైవర్ల భాషలో 'బడ్డీ'. పైగా నేర్చుకున్నప్పుడు సముద్రం ఎంత నెమ్మదిగా ఉందో, దిగేటప్పుడూ ఇంచుమించు అలాగే ఉండాలి.

లైసెన్సు వచ్చిన మర్నాడే తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు అరుదు. ముందు కాలనీలో, తర్వాత ఊళ్లో, ఆపైన హైవే మీద. నీటిలోనూ అదే పద్ధతి. మొదటి కోర్సు తర్వాత మరో ఐదారు డైవ్‌లు, పరీక్ష భయం లేకుండా, అనుభవమున్న గైడుతో తక్కువ లోతులో చేస్తే తమకి ఏది వచ్చో ఏది రాదో డైవర్‌కే తెలుస్తుంది. తర్వాతి కోర్సుని ఎంచుకోవాల్సింది ఆ 'రానిదాన్ని' బట్టే.

పేరుకే 'అడ్వాన్స్‌డ్'

మొదటి కార్డు తర్వాత ఎక్కువమంది చేరేది 'అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్' కోర్సులో. పేరు గంభీరంగా ఉంటుంది కానీ లోపల ఉన్నవి ఐదు డైవ్‌లే. లోతుకు దిగడం, దిక్సూచితో దారి తెలుసుకోవడం... ఈ రెండూ తప్పనిసరి. మిగతా మూడూ ఎవరిష్టం వాళ్లది. రాత్రి డైవింగ్, ఫొటోలు, చేపల్ని గుర్తుపట్టడం, ఓడ శిథిలాలు... ఏవైనా ఎంచుకోవచ్చు. రాతపరీక్ష ఉండదు. పూర్తయితే 30 మీటర్ల వరకూ అర్హత.

ఒకసారి లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. మొదటి కోర్సులో నాలుగు డైవ్‌లు, ఇందులో ఐదు. జీవితంలో తొమ్మిదే తొమ్మిదిసార్లు సముద్రంలోకి దిగినవాళ్లు 'అడ్వాన్స్‌డ్' అయిపోతారు! అదే మాటకి ఎస్ఎస్ఐ అనే మరో సంస్థలో అర్థం వేరు. అక్కడ 'అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ డైవర్' అనిపించుకోవాలంటే నాలుగు ప్రత్యేక కోర్సులు, 24 డైవ్‌లు ఉండాలి. ఐదు రుచి చూపించే డైవ్‌ల కోర్సుని వాళ్లు 'అడ్వాన్స్‌డ్ అడ్వెంచరర్' అంటారు.

అలాగని ఈ కోర్సు వృథా అనుకోనక్కర్లేదు. అండమాన్‌లోని హేవ్‌లాక్ (2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారింది) దగ్గర డిక్సన్స్ పినాకిల్, జానీస్ గోర్జ్ లాంటి పేరున్న చోట్ల అందాలు ఎక్కువగా 18 మీటర్లకు దిగువనే ఉంటాయి. అవి చూడాలంటే ఈ అర్హత ఉండాలి. కాకపోతే దీన్ని పై తరగతి అనుకోకూడదు. ఐదు కొత్త విషయాలను శిక్షకుడి సమక్షంలో ఒక్కోసారి రుచి చూడటం అనుకోవాలి.

లోతు పెరిగితే గాలి తరుగు

లోతుకు వెళ్తే మారేదేమిటి? మొదట మారేది గాలి లెక్క. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఒడ్డున ఒకటి ఉంటే, పది మీటర్ల దగ్గర రెండు, ముప్ఫై మీటర్ల దగ్గర నాలుగు. పీడనం ఎన్ని రెట్లయితే గాలి ఖర్చూ అన్ని రెట్లు.

పదకొండు లీటర్ల సిలిండర్‌ని 200 బార్ పీడనంతో నింపితే అందులో 2,200 లీటర్ల గాలి ఉన్నట్టు. 50 బార్ మిగిలి ఉండగానే పైకి చేరాలన్న నియమం పాటిస్తే వాడుకోవడానికి ఉండేది 1,650 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి పది మీటర్ల లోతులో అది 41 నిమిషాలు వస్తుంది. ముప్ఫై మీటర్ల దగ్గర 20 నిమిషాలే! కంగారుపడి గబగబా ఊపిరి తీస్తే అదీ రాదు.

ఇది పుస్తకాల లెక్క కాదు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 947 డైవింగ్ మరణాలను పరిశీలించి 2008లో ఓ అధ్యయనం ప్రచురించారు. ప్రమాదం ఎక్కడ మొదలైందో తేలిన కేసుల్లో 41 శాతం, సిలిండర్లో గాలి చాలకపోవడంతో మొదలైనవే. సొరచేపలూ తిమింగలాలూ కాదు, చేతిలోని గేజీని సమయానికి చూసుకోకపోవడం!

లోతులో మరో చిక్కు నత్రజని. ముప్ఫై మీటర్ల ప్రాంతంలో అది మత్తులా పనిచేస్తుంది. ఒడ్డున చిటికెలో చేసే చిన్న కూడిక అక్కడ తడబెడుతుంది. పైగా పీడనం కింద నత్రజని ఒంట్లో కరుగుతుంది. వేగంగా పైకి వస్తే, గోలీసోడా కొట్టగానే బుస్సుమని పొంగినట్టు రక్తంలో బుడగలవుతుంది. అందుకే నెమ్మదిగా పైకి రావడం, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం. డీప్ డైవింగ్ కోర్సు నేర్పేది లోతుకు దిగడం కాదు, క్షేమంగా తిరిగి రావడం.

ముందు నిలకడ

కొత్త డైవర్లను నీటిలో చూస్తే ఇట్టే గుర్తుపట్టొచ్చు. చేతులు ఆడిస్తుంటారు. ఓసారి అడుగున ఇసుక రేపుతారు, మరోసారి బెలూన్‌లా పైకి తేలిపోతారు. నడుముకు అవసరానికి మించి సీసం బరువులు. ఆ బరువుని మోయడానికి జాకెట్లో అదనపు గాలి. ఈ తంటాలన్నీ పడుతూ మరింత గాలి పీల్చేస్తారు.

దీనికి విరుగుడు 'పీక్ పెర్ఫార్మెన్స్ బాయన్సీ' కోర్సు. రెండే డైవ్‌లు. సరైన బరువు ఎంతో తేల్చుకోవడం, ఊపిరితోనే అంగుళం అటూ ఇటూ కాకుండా నీటిలో నిలవడం నేర్పుతారు. పేరులో 'అడ్వాన్స్‌డ్' లేదు కాబట్టి దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి తర్వాతి కోర్సులన్నీ దీనిమీదే నిలబడతాయి. నిలకడ రాకుండా ముప్ఫై మీటర్లకు దిగడం నేల విడిచి సాము చేయడమే. పగడాలకూ ఇది మేలు. వాటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఏళ్లకేళ్లు పెరిగిన పగడం ఒక్క కాలి తాకిడికి విరిగిపోతుంది.

ఎవరికి ఏది?

సిలిండర్ అందరికన్నా ముందు ఖాళీ అవుతోందా? బాయన్సీ కోర్సే మందు. దానికితోడు తక్కువ లోతులో ఇంకొన్ని డైవ్‌లు.

గైడు కనిపించకపోతే గుండె దడదడలాడుతోందా? అయితే నావిగేషన్. దిక్సూచి చూడటం, ఎన్నిసార్లు కాళ్లు ఆడిస్తే ఎంత దూరం వెళ్తారో లెక్కపెట్టడం ఇందులో నేర్పుతారు. తుపానుల తర్వాత మసకబారే తూర్పుతీరం నీటిలో ఇది బాగా పనికొస్తుంది.

రోజుకి రెండు మూడు డైవ్‌ల చొప్పున నాలుగైదు రోజులు చేసే ఆలోచన ఉందా? నైట్రాక్స్ చూడొచ్చు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఇందులో 32 లేదా 36 శాతం నింపుతారు. నత్రజని తగ్గుతుంది కాబట్టి అడుగున ఎక్కువసేపు ఉండే వీలుంటుంది. అయితే దీంతో ఇంకా లోతుకు వెళ్లొచ్చనుకుంటే పొరపాటే. పీడనం పెరిగితే ఆక్సిజనే విషమవుతుంది. 32 శాతం మిశ్రమంతో సుమారు 33 మీటర్లు దాటకూడదు.

ఓడ శిథిలాలు చూడాలనుందా? బయటి నుంచి చూడటం వేరు, లోపలికి దూరడం వేరు. తలపైన ఇనుప కప్పు ఉంటే నేరుగా పైకి రావడం కుదరదు. ప్రత్యేక శిక్షణ లేకుండా లోపలికి వెళ్లకూడదు.

అసలు మలుపు రెస్క్యూ

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తన కోసం నేర్చుకునేవి. పక్కవాళ్ల కోసం నేర్చుకునేది 'రెస్క్యూ డైవర్' కోర్సు. ఎంతోమంది డైవర్లు తమ ఆలోచననే మార్చిందని చెప్పే కోర్సు ఇది.

అలసిపోయినవాళ్లను ఒడ్డుకు లాగడం, భయంతో కొట్టుకుంటున్న మనిషికి దొరక్కుండా దగ్గరికెళ్లి సాయం చేయడం, కనిపించకుండా పోయిన జోడీని వెతకడం, స్పృహలేని మనిషిని పైకి తెచ్చి నీటిలోనే శ్వాస ఇవ్వడం... ఇవన్నీ చేయించి చూస్తారు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలంటారు. సాయానికొచ్చిన మనిషే దొరికితే నెత్తినెక్కి కూర్చుంటాడు! అందుకే దగ్గరికెళ్లే ముందు తేలే వస్తువు అందించడం మొదటి పాఠం. ఇంకా ముఖ్యమైన పాఠం మరొకటి ఉంది. ప్రమాదం రాకముందే కళ్లలోని బెదురునీ, ఊపిరిలోని వేగాన్నీ గుర్తుపట్టడం.

దీనికి 30 మీటర్లకు దిగి ఉండాల్సిన పనిలేదు. ప్యాడీలో మూడు డైవ్‌ల 'అడ్వెంచర్ డైవర్' అర్హత చాలు, అందులో నావిగేషన్ ఉండాలి. ప్రథమ చికిత్స, సీపీఆర్ శిక్షణ గత 24 నెలల్లో పొంది ఉండాలి. ఎస్ఎస్ఐలో అయితే ఓపెన్ వాటర్ కార్డుతోనే చేరొచ్చు. భార్యాభర్తలో, అన్నదమ్ములో జోడీగా డైవింగ్ చేస్తుంటే ఇద్దరూ కలిసి దీన్ని నేర్చుకోవడం మేలు. ఒక్కరే నేర్చుకుంటే, ప్రమాదం ఆ ఒక్కరికే వస్తే?

పిల్లలుంటే...

పదేళ్లు నిండిన పిల్లలు జూనియర్ కార్డు తీసుకోవచ్చు. పది, పదకొండేళ్లవాళ్లకు హద్దు 12 మీటర్లు. పన్నెండు దాటితే జూనియర్ అడ్వాన్స్‌డ్ చేయొచ్చు కానీ 21 మీటర్లే, అదీ పెద్దలు తోడుంటేనే. వయసు సరిపోయింది కదా అని తోసేయకూడదు. 'నాకు భయమేస్తోంది' అని పిల్లలు ధైర్యంగా చెప్పగలిగినప్పుడే వాళ్లు పై కోర్సుకి సిద్ధమైనట్టు.

డబ్బు కట్టేముందు

శిక్షకుడిని నాలుగు విషయాలు అడగాలి. ఒక్కో శిక్షకుడి కింద ఎంతమంది ఉంటారు? ఫీజులో పడవ, పరికరాలు, కార్డు కలిసే ఉన్నాయా? పడవలో అత్యవసరానికి ఆక్సిజన్ ఉంటుందా? కోర్సు గడువులో రాకపోతే మరో డైవ్ చేయిస్తారా? చివరి ప్రశ్నకి 'కార్డు గ్యారంటీ' అన్న జవాబు వస్తే మాత్రం మరోచోటు చూసుకోవడమే మంచిది.

డైవింగ్ మానేసి ఏడాది దాటితే ఏ కోర్సుకన్నా ముందు ఈతకొలనులో ఓసారి పాత పాఠాలు తిరగేయాలి. తిరుగు ప్రయాణం విమానంలో అయితే, కొన్ని రోజులు వరసగా డైవ్‌లు చేసినవాళ్లు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగాలి. అంటే అండమాన్ టికెట్ కొనేటప్పుడే చివరి రోజుని ఒడ్డుకి కేటాయించాలి.

కార్డులకు కాలం చెల్లదు, సముద్రం ఎక్కడికీ పోదు. పై కోర్సు ఈ సెలవుల్లోనే కావాలన్న తొందరా లేదు. ఈసారి పడవ దిగాక లాగ్‌బుక్‌లో ఏ చేపలు కనిపించాయో రాసుకోవడంతో ఆగకుండా, నీటిలో ఎక్కడ కంగారుపడ్డారో కూడా రెండు ముక్కలు రాసుకుంటే చాలు. తర్వాతి కోర్సు పేరు అందులోనే దొరుకుతుంది.