సేవ గంటలు నిండాయి, ఊరి లెక్క మిగిలింది

జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్)లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల శిబిరంలో పాల్గొనాలి. ఇది చాలదన్నట్టు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2018-19 నుంచి బీటెక్ వాళ్లకు సమాజ సేవ లాంటి పనులకు 100 యాక్టివిటీ పాయింట్లు పెట్టింది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని చివ్వెంల, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి ఇంజనీరింగ్‌కు వెళ్లే పిల్లల్లో సేవాభావానికి కొదవేమీ లేదు. రక్తదానమంటే వరుసలో నిలబడతారు, మొక్కలు నాటమంటే గుంతలు తవ్వుతారు. చిక్కల్లా ఒకటే. ఆ గంటల్లో చేసే పనికీ క్లాసులో చదివేదానికీ పొంతన ఉండదు. చీపురు పట్టడానికి ఫ్లూయిడ్ మెకానిక్స్ అక్కర్లేదు కదా!

ఉమ్మడి నల్లగొండకు ఈ పొంతన ఎంత అవసరమో అక్కడి ఫ్లోరైడ్ నీళ్లే చెబుతాయి. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన శుద్ధి పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి, ముందు వేగంగా, తర్వాత మెల్లగా కలిపి తేరనిస్తే, ఫ్లోరైడ్ చాలావరకు మడ్డితో పాటు అడుగుకు చేరుతుంది. ఇంట్లో బకెట్‌తోనూ చేసుకోవచ్చు. ఈ పద్ధతి టాంజానియా దాకా వెళ్లింది కానీ పేరిచ్చిన జిల్లాలో నిలదొక్కుకోలేదు. నీళ్లలో ఫ్లోరైడ్, క్షారత ఎంతెంతో తెలిస్తేగానీ పటిక ఎంత వేయాలో తేలదు. బోరు మారితే మోతాదూ మారుతుంది. రోజూ మడ్డి తీయాలి, దాన్ని ఎక్కడ పారబోయాలన్నది మరో తలనొప్పి. రసాయన శాస్త్రం నెగ్గింది, నిర్వహణ ఓడింది. నీళ్లు పరీక్షించి ఇంటింటికీ మోతాదు చెప్పే పని మూడో ఏడాది బీటెక్ విద్యార్థి చేయలేనిదేం కాదు.

ఆ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో వందల మంది బరిలోకి దిగడంతో నల్లగొండలో అభ్యర్థుల సంఖ్య ఏకంగా 480కి చేరింది. బ్యాలెట్ కాస్తా పుస్తకమైంది. ఆ పోటీ వెనుక నిలిచిన జలసాధన సమితి నేత దుశ్చర్ల సత్యనారాయణ వ్యవసాయ పట్టభద్రుడు, బ్యాంకు ఉద్యోగం వదిలేసిన మనిషి. చివ్వెంలకు చేరువలోని మోతె మండలం రాఘవాపురంలో సొంత భూమిలో అడవినే పెంచారు.

నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశానికైతే డిగ్రీ కూడా లేదు, ఆరో తరగతితో బడి మానేశారు. ఒక్క పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పాలంటే, వేల సార్లు చెయ్యి ఆడించాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో లక్ష్మీ ఆసుయంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సమస్య ఇంట్లోనే ఉంది కాబట్టి ఆయన ఎవరి సర్వే కోసమూ ఎదురుచూడలేదు.

ఇవన్నీ చెబితే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: మరి ప్లేస్‌మెంట్ మాటేమిటి? న్యాయమైన ప్రశ్నే. ప్రవేశ పరీక్ష ర్యాంకు పదివేలు దాటితే చాలామందికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35 వేల రూపాయల దగ్గరే ఆగుతూ వచ్చింది. మిగతాది అప్పు చేసి కట్టే ఇంట్లో 'ముందు ఉద్యోగం, ఆ తర్వాతే ఊరు' అనుకుంటే స్వార్థమనలేం. కానీ ఈ రెంటికీ పోటీ పెట్టాల్సిన అవసరమే లేదు. డబ్బిస్తే రిపోర్టుతో సహా అమీర్‌పేటలో దొరికే ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న పడితే నోరు పెగలదు. తాను కొలిచి, తప్పులు దిద్దుకున్న పని గురించైతే అరగంటైనా మాట్లాడొచ్చు.

పనులకు కరువా? చివ్వెంల మండలం దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతరకు లక్షల మంది వస్తారు. హైదరాబాద్-విజయవాడ హైవే మీది వాహనాలను దారి మళ్లించాల్సి వస్తుంది. రద్దీ ఏ గంటకు ఎటు పెరుగుతుంది, నీళ్లెన్ని కావాలి, మరుగుదొడ్లు ఎక్కడ చాలవు? సివిల్, కంప్యూటర్ విద్యార్థులు కలిసి లెక్కగట్టదగ్గ సంగతులివి. 2024 సెప్టెంబరు మొదట్లో వాన కోదాడను ముంచెత్తింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమకాలువకు గండి పడింది. ఏ కల్వర్టు ఎంత నీటిని మోయగలదో కొలిచి మ్యాపులో పెడితే అదే మినీ ప్రాజెక్టు. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక బూడిద మెకానికల్ వాళ్ల కోసమే కాచుకుని ఉంది.

అడ్డంకి పిల్లల దగ్గర కన్నా కాలేజీల దగ్గరే ఎక్కువ. అధ్యాపకుడి పదోన్నతికి పేపర్లు లెక్కకొస్తాయి, కల్వర్టు కొలతలు రావు. గైడ్‌గా సంతకం పెట్టే ఆయన నెలకోసారైనా ఊరికి వెళ్లిరావాలంటే ఆన్‌డ్యూటీ ఇవ్వాలి, బస్సు ఛార్జీలైనా ఇవ్వాలి.