వణికే కాళ్లతోనే



సిర్గాపూర్, నారాయణఖేడ్ వైపు తండాల నుంచి పిల్లలు హాస్టళ్లకు బయల్దేరే జూన్ నెల ఇది. అందుకే ఈ సంచికకు భయాన్నే అంశంగా తీసుకున్నాం. పెట్టె పట్టుకుని గేటు దగ్గరే ఆగిపోయిన పిల్లతో "భయమెందుకే" అనేస్తాం. ఆ మాటతో ఏ బిడ్డకూ ధైర్యం రాదని మా నమ్మకం.

నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన పర్వతారోహకురాలు మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుకుంది. కొండలెక్కడం నేర్చుకోవడానికి వెళ్లి భువనగిరి గుట్టను తొలిసారి చూసినప్పుడు కాళ్లు వణికాయని తర్వాత తనే చెప్పింది. ఆ గుట్ట ఏకశిల. నున్నటి బండ మీద వేళ్ల కొసలకే పట్టు దొరకాలి. నడుముకు తాడు, ఆ తాడును బిగించి పట్టుకున్న మనిషి, ఒక్కో అడుగు. అలా మొదలైంది ఆమె శిక్షణ.

2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు మీద, నేపాల్ వైపు, మంచుచరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. టిబెట్ వైపు నుంచి ఎక్కాల్సిన పూర్ణ, ఆమెతోపాటు వెళ్లిన ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్ అయినా వెనుదిరగలేదు. మే 25న శిఖరం చేరేనాటికి పూర్ణకు 14 ఏళ్లు నిండలేదు.

శిఖరం కన్నా మమ్మల్ని ఎక్కువగా పట్టుకున్నది ఆ తాడు. ఈ సంచిక రచనల్లో ఒంటరి వీరులు లేరు. భయపడుతున్న వాళ్లను వెక్కిరించకుండా పక్కన నిలబడిన వార్డెన్లు, అక్కలు, పక్కబెంచీ నేస్తాలు ఉన్నారు. మీకు అలా తోడు నిలిచిన వాళ్ల గురించి మాకు రాయండి. వచ్చే సంచికలో వాళ్లకు చోటు ఉంచాం.

— సంపాదకవర్గం